స్పోర్ట్ మోటారుసైకిల్‌ను దేనితో తూచాలి? కొలమానాల చరిత్ర, వాదాలు, తేలని ప్రశ్నలు

అధిక సామర్థ్యం గల స్పోర్ట్ మోటారుసైకిల్ కొనదలచినవారికి నేడు సమాచారానికి కొదవ లేదు. హార్స్‌పవర్, టార్క్, బరువు, సీటు ఎత్తు, సర్క్యూట్‌పై పట్టిన సమయం వంటివన్నీ క్షణాల్లో చేతికందుతున్నాయి. అయినప్పటికీ అవే అంకెలను చూసిన ఇద్దరు అనుభవజ్ఞులు రెండు వేర్వేరు బళ్లను సిఫారసు చేయడం పరిపాటిగా మారింది. ఏ కొలతకు ఎంత విలువ ఇవ్వాలన్న విషయంలో ఏకాభిప్రాయం లేకపోవడమే ఇందుకు కారణం. ఒక్కో కొలమానం ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం కోసం పుట్టి, ఆ అవసరం తీరిపోయిన తర్వాత కూడా వాడుకలో మిగిలిపోయింది. తయారీ సంస్థలు ప్రకటించే అంకెల్లో అధికభాగం యంత్రం చేరగల గరిష్ఠ స్థితిని తెలుపుతాయి. కొన్న బండి మాత్రం తన ఆయుష్షులో అధికభాగాన్ని ఆ గరిష్ఠానికి చాలా దిగువన, ట్రాఫిక్‌లోనూ రహదారిపైనా గడుపుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న ఎడమే వివాదానికి మూలమని చూపుతూ, ప్రధాన వాదాలను ఒకచోట చేర్చి బేరీజు వేయడం ఈ సమీక్ష ఉద్దేశం.

కొలమానాలు పుట్టిన క్రమం

ఆధునిక పోలికలకు ఆరంభం 1969లో వచ్చిన హోండా సీబీ750 అని చెప్పవచ్చు. వరుసగా పేర్చిన నాలుగు సిలిండర్లు, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, సుమారు 67 హార్స్‌పవర్ కలిగి, గంటకు 200 కిలోమీటర్ల దరిదాపుల్లోకి వెళ్లగలిగిన ఈ బండితో ‘సూపర్‌బైక్’ అన్న మాట వాడుకలోకి వచ్చింది. 1972లో 903 సీసీ ఇంజనుతో కవాసకీ జెడ్1 రావడంతో పోటీ ముదిరింది. ఆ దశకంలో పోలిక అంటే ప్రధానంగా రెండే కొలతలు: గరిష్ఠ వేగం, నిశ్చలస్థితి నుంచి పావు మైలు దూరం దాటడానికి పట్టే కాలం. ఫ్రేములు, టైర్లు ఇంజను శక్తికి దీటుగా ఇంకా ఎదగని రోజుల్లో సరళరేఖపై పరుగే నమ్మదగిన పరీక్షగా నిలిచింది.

1984లో కవాసకీ జీపీజెడ్900ఆర్ గంటకు 240 కిలోమీటర్ల మేరను అందుకుంది. మరుసటి ఏడాది సుజుకీ జీఎస్ఎక్స్-ఆర్750 అల్యూమినియం ఫ్రేముతో, సుమారు 176 కిలోల పొడి బరువుతో వచ్చి చర్చను వేగం నుంచి బరువు వైపు మళ్లించింది. పెట్రోలు, ఆయిలు, కూలెంటు వంటి ద్రవాలు లేకుండా తూచినదాన్ని పొడి బరువు అంటారు. 1992లో తదావో బాబా నాయకత్వంలో రూపొందిన హోండా సీబీఆర్900ఆర్ఆర్ ఫైర్‌బ్లేడ్ 893 సీసీ ఇంజనును 185 కిలోల పొడి బరువులో ఇమిడ్చి, పెద్ద ఇంజను ఉన్నంత మాత్రాన బండి బరువెక్కనక్కరలేదని నిరూపించింది. 1998లో యమహా వైజెడ్ఎఫ్-ఆర్1 గేర్‌బాక్సు ఇరుసులను ఒకదానిపై ఒకటి పేర్చి ఇంజను పొడవును తగ్గించింది. అలా మిగిలిన చోటును వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్‌ను పొడిగించడానికి వాడుకొని, 1395 మిల్లీమీటర్ల పొట్టి వీల్‌బేస్‌లోనే వెనుక టైరు పట్టును పెంచగలిగింది. వీల్‌బేస్ అంటే రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం. దీనితో పోలికలో మూడో కొలమానంగా నిర్మాణ జ్యామితి ప్రవేశించింది.

1999లో 1299 సీసీ సుజుకీ హయబుసా గంటకు 300 కిలోమీటర్లను దాటడం ఒక యుగానికి ముగింపు పలికింది. ఐరోపాలో ఆంక్షలు వస్తాయన్న భయంతో ప్రధాన తయారీదారులు తమలో తాము ఒప్పుకొని గరిష్ఠ వేగాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో 299 కిలోమీటర్లకు కట్టడి చేయడంతో, అగ్రశ్రేణి బళ్లను గరిష్ఠ వేగంతో వేరుచేయడం అర్థరహితమైంది. 2009లో ప్రవేశించిన 193 హార్స్‌పవర్ బీఎమ్‌డబ్ల్యూ ఎస్1000ఆర్ఆర్, 2015లో ఆరు దిశల కదలికలను పసిగట్టే సెన్సరుతో వచ్చిన కొత్త ఆర్1 ఎలక్ట్రానిక్ సహాయాలను పోలికకు కేంద్రంగా నిలిపాయి. ఈ విధంగా వేగం, బరువు, జ్యామితి, ఎలక్ట్రానిక్స్ ఒకదానిపై ఒకటి పేరుకుపోయాయి గాని, పాతది ఏదీ పూర్తిగా రద్దు కాలేదు.

భారతదేశంలో చర్చ సాగిన తీరు

ఈ దేశంలో చర్చకు మరో చరిత్ర ఉంది. 1983లో ఎస్కార్ట్స్ సంస్థ తెచ్చిన రాజ్‌దూత్ 350 నాటి రోడ్లకు అసాధారణమైన శక్తిని అందించినా, రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉండడం వల్ల, పరుగుకు తగిన నిలుపుదల లేని బండిగా కూడా జ్ఞాపకంలో నిలిచింది. 2003లో వచ్చిన 223 సీసీ హీరో హోండా కరిజ్మా, 2008లో లిక్విడ్ కూలింగ్‌తో వచ్చిన యమహా ఆర్15 సామాన్య కొనుగోలుదారును స్పోర్ట్ బండి వైపు నడిపించాయి. 2007 చివర నుంచి ఆర్1, హయబుసా వంటి లీటరు తరగతి బళ్లు, అంటే వెయ్యి సీసీ, ఆపై ఇంజన్లు గలవి, అధికారికంగా అడుగుపెట్టాయి. ఆ రెండు అంచుల నడుమ ఖాళీని కేటీఎమ్ ఆర్‌సీ 390, టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310, ఎప్రిలియా ఆర్ఎస్ 457 వంటివి క్రమంగా నింపుతూ వచ్చాయి.

నిబంధనలు కూడా పోలికను మార్చాయి. 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్మకంలో ఉన్నవాటికి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి కావడంతో, చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఆ వ్యవస్థ ఉందా లేదా అన్న పాత ప్రశ్న పోయి, అది ఏ తరగతికి చెందినదన్న ప్రశ్న మిగిలింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్‌టీ 18 శాతానికి తగ్గి, ఆపై ఇంజన్లకు 40 శాతానికి పెరగడంతో 312 సీసీ బండికీ 373 సీసీ బండికీ మధ్య సాంకేతికంగా స్వల్పమైన తేడా పన్నులో పెద్ద అగాధమైంది.

నాలుగు వాదాలు

నేటి అభిప్రాయాలను స్థూలంగా నాలుగు వాదాలుగా విభజించవచ్చు.

మొదటిది అంకెల వాదం. ప్రకటిత శక్తి, బరువు, ధరల నిష్పత్తిని చూసి నిర్ణయించాలని దీని పట్టు. అందరికీ ఒకే ప్రమాణం వర్తించడం దీని బలం. అయితే ప్రకటిత శక్తి క్రాంక్‌షాఫ్ట్ వద్ద కొలిచినది. చెయిన్, గేర్‌బాక్సుల ఘర్షణ తర్వాత వెనుక చక్రానికి చేరేది అంతకన్నా తక్కువ. బరువు సంగతీ అంతే. ఒక సంస్థ పొడి బరువును, మరొకటి అన్ని ద్రవాలూ నింపిన కర్బ్ బరువును ప్రకటిస్తే పోలికే తప్పుతుంది. 17 లీటర్ల ట్యాంకులోని పెట్రోలు ఒక్కటే సుమారు 12.5 కిలోలు తూగుతుంది.

రెండవది ట్రాక్ వాదం. శక్తి, బరువు, బ్రేకులు, సస్పెన్షన్ అన్నీ కలిసి ఇచ్చే ఫలితాన్ని సర్క్యూట్‌పై పట్టిన సమయం ఒకే అంకెలో చెబుతుందని దీని వాదన. ఇందులో నిజముంది. కాని ఆ సమయం పరీక్షకుడి నైపుణ్యం, టైర్లు, ఆనాటి ఉష్ణోగ్రతలపై ఆధారపడుతుంది. పైగా 3.717 కిలోమీటర్ల మద్రాసు సర్క్యూట్‌పై నెగ్గే చురుకైన బండి, 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్‌లోని పొడవాటి సూటి దారిపై వెనుకబడవచ్చు.

మూడవది రోడ్డు వాదం. మధ్యస్థ వేగాల్లో ఇంజను స్పందన, కూర్చునే తీరు, వేడి, స్పీడ్ బ్రేకర్లు, గుంతలను తట్టుకునే శక్తి ముఖ్యమని ఇది చెబుతుంది. 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ నాలుగు వరుసల రహదారులపై కూడా మోటారుసైకిళ్లకు గంటకు 80 కిలోమీటర్లనే గరిష్ఠ పరిమితిగా పెట్టింది. లీటరు తరగతి బళ్లు మొదటి గేరులోనే 140 దాటగలవన్న వాస్తవాన్ని దానిపక్కన పెడితే ఈ వాదం బలం తెలుస్తుంది. అయితే సుఖం, స్పందన వంటివి కొలతకు పూర్తిగా లొంగవు; వాటిపై తీర్పు వ్యక్తిని బట్టి మారడం ఈ వాదం బలహీనత.

నాలుగవది వ్యయవాదం. షోరూం ధర మొదటి వాయిదా మాత్రమేనని, బీమా, టైర్లు, సర్వీసు, విడిభాగాలు, తిరిగి అమ్మినప్పుడు వచ్చే ధర కలిపి చూడాలని ఇది కోరుతుంది. మొదటి మూడు వాదాలూ పట్టించుకోని ప్రశ్నను ఇది లేవనెత్తుతుంది గాని, నడపడంలోని ఆనందానికి ఇందులో గడి లేదు. స్పోర్ట్ బండి కొనడానికి అసలు కారణమే ఆ ఆనందం కనుక, వ్యయవాదాన్ని ఒంటరిగా పాటిస్తే ఎవరూ ఏ స్పోర్ట్ బండినీ కొనరు.

సిలిండర్ల తగవు: రెండు బళ్ల దగ్గరి పోలిక

ఈ వాదాలు ఎక్కడ ఢీకొంటాయో చూపడానికి 2023లో భారత విపణిలోకి వచ్చిన రెండు బళ్లు చక్కని ఉదాహరణ. కవాసకీ నింజా జెడ్ఎక్స్-4ఆర్ 399 సీసీ, నాలుగు సిలిండర్ల బండి. 14,500 ఆర్‌పీఎం వద్ద 77 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) శక్తి, 13,000 వద్ద 39 న్యూటన్ మీటర్ల టార్క్, సుమారు 189 కిలోల బరువు, ఆరంభ షోరూం ధర 8.49 లక్షల రూపాయలు. మహారాష్ట్రలోని బారామతిలో తయారయ్యే ఎప్రిలియా ఆర్ఎస్ 457 రెండు సిలిండర్ల బండి. 9,400 ఆర్‌పీఎం వద్ద 47.6 పీఎస్, 6,700 వద్ద 43.5 న్యూటన్ మీటర్లు, 175 కిలోలు, ఆరంభ ధర 4.10 లక్షలు. ఆర్‌పీఎం అంటే క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి తిరిగే చుట్లు; టార్క్ అంటే దాన్ని తిప్పే బలం; ఆ బలాన్ని చుట్లతో హెచ్చిస్తే వచ్చేది శక్తి.

అంకెల వాదంలో శక్తి ఒక్కటే చూస్తే తీర్పు స్పష్టం: 77 ముందు 47.6 నిలవదు. అయితే 6,700 ఆర్‌పీఎం వద్ద ఎప్రిలియా 43.5 న్యూటన్ మీటర్లతో దాదాపు 41.5 పీఎస్ ఇస్తుంది, అంటే తన మొత్తం శక్తిలో ఎనిమిదింట ఏడు వంతులు అప్పటికే చేతికి వచ్చినట్లు. అదే చుట్ల వద్ద కవాసకీ తన గరిష్ఠ టార్క్‌నే ఇచ్చిందనుకున్నా సుమారు 37 పీఎస్‌కు మించదు. ఆ గరిష్ఠం 13,000 వద్ద గాని రాదు కనుక నిజంగా లభించేది ఇంకా తక్కువ. ఇక్కడ ట్రాక్ వాదుల అభ్యంతరం న్యాయమైనది: ఎక్కువ చుట్లు తిరిగే ఇంజనుకు గేర్ నిష్పత్తులను పొట్టిగా అమరుస్తారు కాబట్టి, ఒకే రోడ్డు వేగం వద్ద రెండు ఇంజన్లూ ఒకే ఆర్‌పీఎం వద్ద ఉండవు, నాలుగు సిలిండర్ల బండి అప్పటికే పైస్థాయిలో తిరుగుతూ ఉంటుంది. ఆ అభ్యంతరాన్ని ఒప్పుకొన్న తర్వాత కూడా మిగిలే నిర్ధారణ ఏమిటంటే, కవాసకీ దాచుకున్న అదనపు శక్తిని అందుకోవాలంటే ఇంజనును నిరంతరం పైచుట్లలో ఉంచాలి, తరచూ గేర్లు మార్చాలి. ఖాళీ ట్రాక్‌పై అది ఉత్సాహాన్నిచ్చే పని. నగరంలో రోజూ పని మీద తిరిగేవారికి శ్రమ.

లీటరు తరగతిలోనూ ఇదే తగవు వేరే రూపంలో సాగింది. 1988లో మొదలైన ప్రపంచ సూపర్‌బైక్ పోటీల్లో తొలి ఒకటిన్నర దశాబ్దం పాటు రెండు సిలిండర్ల ఇంజన్లకు వెయ్యి సీసీ వరకు, నాలుగు సిలిండర్లవాటికి 750 వరకు అనుమతి ఉండడం వల్ల, మసిమో తంబురీని చేతిలో రూపుదిద్దుకున్న 1994 నాటి డుకాటీ 916 వంటివి తీవ్రమైన పోటీ ఇవ్వగలిగాయి. 2009లో యమహా తన నాలుగు సిలిండర్ల ఆర్1కు క్రాస్‌ప్లేన్ క్రాంక్‌షాఫ్ట్‌ను అమర్చి, పేలుళ్ల మధ్య విరామాలను అసమానం చేయడం ద్వారా థ్రాటిల్‌కూ వెనుక టైరుకూ మధ్య సంబంధం రైడర్‌కు మరింత స్పష్టంగా తెలిసేలా చేసింది. దీనితో సిలిండర్ల సంఖ్య ఒక్కటే ఇంజను స్వభావాన్ని నిర్ణయించదని రుజువైంది.

బరువు, జ్యామితి, శరీరం

శక్తిని బరువుతో భాగించడం ప్రచారంలో ఉన్న పోలిక. 2015 నాటి ఆర్1 సుమారు 200 పీఎస్, 199 కిలోలు. 2021 నాటి హయబుసా 190 పీఎస్, 264 కిలోలు. బండి బరువు మాత్రమే లెక్కిస్తే ఆర్1 ఆధిక్యం 40 శాతం. 75 కిలోల రైడర్‌ను కలిపితే అది 30 శాతానికి దిగుతుంది. మనిషి లేకుండా ఏ బండీ కదలదు గనుక రెండవ లెక్కే వాస్తవానికి దగ్గర.

జ్యామితిలో ఒంటి అంకె ఇంకా ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. ముందు ఫోర్కు వాలు కోణాన్ని రేక్ అని, హ్యాండిల్ తిరిగే ఇరుసు రేఖ నేలను తాకే చోటుకూ టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరాన్ని ట్రెయిల్ అని అంటారు. రేక్, ట్రెయిల్ తగ్గేకొద్దీ బండి త్వరగా తిరుగుతుందని సాధారణ సూత్రం. కాని ఆర్1కు 24 డిగ్రీల రేక్, 102 మిల్లీమీటర్ల ట్రెయిల్ ఉండగా, హయబుసాకు 23 డిగ్రీలు, 90 మిల్లీమీటర్లే. ఈ సూత్రం ప్రకారం హయబుసా ఎక్కువ చురుకుగా ఉండాలి. దాని 1480 మిల్లీమీటర్ల వీల్‌బేస్, అధిక బరువు ఆ అంచనాను తలకిందులు చేస్తాయి.

శరీరానికి సంబంధించి, ఆర్1 సీటు ఎత్తు 855 మిల్లీమీటర్లు, హయబుసాది 800. ఫోర్కు గొట్టాలకు నేరుగా బిగించిన క్లిప్‌ఆన్ హ్యాండిళ్లు పై శరీరపు బరువును మణికట్టులపై వేస్తాయి. వేగం పెరిగితే ఎదురుగాలి ఆ భారాన్ని కొంత మోస్తుంది గాని, సిగ్నళ్ల దగ్గర ఆ ఉపశమనం దొరకదు. అందువల్ల పది నిమిషాల టెస్ట్ రైడ్‌లో నచ్చిన కూర్పు రెండు గంటల ప్రయాణంలో నచ్చకపోవచ్చు.

రోడ్డు, వేడి, ఖర్చు

తెలుగు రాష్ట్రాల పరిస్థితులు రోడ్డు వాదానికి ప్రత్యేకమైన ఆధారాలిస్తాయి. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. హైదరాబాద్ రైడర్లు ఇష్టపడే శ్రీశైలం దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. ఆ దారిలోని ఘాట్ మలుపుల్లో అక్కరకొచ్చేది రెండు, మూడు గేర్లలోని మెత్తని స్పందన, నమ్మకమైన బ్రేకులు, చల్లగా ఉన్నప్పుడు కూడా పట్టునిచ్చే టైర్లు. ట్రాక్ కోసం చేసిన మెత్తని రబ్బరు టైర్లు వేడెక్కితే గాని పూర్తి పట్టు ఇవ్వవు. పైగా కొన్ని వేల కిలోమీటర్లకే అరిగిపోతాయి.

వేసవిలో 40 డిగ్రీలు దాటే విజయవాడ, రామగుండం వంటి చోట్ల, ఫెయిరింగ్ కప్పిన పెద్ద ఇంజను ట్రాఫిక్‌లో నిలిచినప్పుడు ఫ్యాను తోసే వేడి గాలి నేరుగా తొడలను తాకుతుంది. ఇంధనం మరో లెక్క. పిస్టన్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో తెలిపే కంప్రెషన్ నిష్పత్తి ఆర్1లో 13కు 1, డుకాటీ పనిగాలే వీ4లో 14కు 1. ఇటువంటి ఇంజన్లకు సాధారణ పెట్రోలుకన్నా ఎక్కువ ఆక్టేన్ గల ఇంధనం అవసరమవుతుంది. అది ప్రతి పట్టణంలోనూ దొరకదు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే నేడు బంకుల్లో సాధారణం కాబట్టి, పాత బండి కొనేవారు ఓనర్స్ మాన్యువల్‌లో దాని అనుమతిని సరిచూసుకోవడం తప్పనిసరి.

సర్వీసు కేంద్రాలు పెద్ద నగరాలకే పరిమితం కావడం వ్యయవాదానికి గట్టి ఆధారం. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్నవారు ఒక లివరు విరిగినా వందల కిలోమీటర్ల దూరాన్ని లెక్కలో వేసుకోవాలి. పనిగాలే వీ4కు వాల్వుల సర్వీసు 24,000 కిలోమీటర్లకు ఒకసారి వస్తుంది. దాని ఖర్చును కొనేముందే అడిగి తెలుసుకోవడం వివేకం. విదేశాల్లో తయారై నేరుగా దిగుమతి అయ్యే 1600 సీసీ వరకు బళ్లపై కస్టమ్స్ సుంకం 2025 బడ్జెట్‌లో 50 నుంచి 40 శాతానికి తగ్గినా, పై జీఎస్‌టీ పెంపుతో ఆ ఊరట పూర్తిగా కొనుగోలుదారుకు చేరలేదు.

పోలికల సారాంశం

- 300 నుంచి 400 సీసీ, ఒకటి లేదా రెండు సిలిండర్లు: తక్కువ బరువు, తక్కువ నిర్వహణ వ్యయం; నైపుణ్యం నేర్చుకునే దశకు అనుకూలం. పొడవాటి రహదారి ప్రయాణాల్లో ఇంజను మిగులు తక్కువ.
- 450 నుంచి 700 సీసీ, రెండు సిలిండర్లు: మధ్య చుట్లలో బలమైన స్పందన, రోడ్డు వాదానికి దగ్గర. పైచుట్లలో నాలుగు సిలిండర్ల ఉత్సాహం ఉండదు.
- 400 నుంచి 650 సీసీ, నాలుగు సిలిండర్లు: ట్రాక్‌పై ఆనందం, మృదువైన నడక. ధర ఎక్కువ, శక్తి అంతా పైచుట్లలో.
- లీటరు తరగతి సూపర్‌బైక్‌లు: అత్యున్నత బ్రేకులు, సస్పెన్షన్, ఎలక్ట్రానిక్స్. వేడి, వ్యయం, రోడ్డుపై వాడలేని శక్తి వీటి పరిమితులు.
- హయబుసా తరహా భారీ బళ్లు: సుదూర ప్రయాణానికి నిలకడ, సుఖం. ఇరుకు మలుపుల్లో, పార్కింగ్‌లో బరువు భారం.

తేలినవి, తేలనివి

ఐదు దశాబ్దాల చర్చ తర్వాత కొన్ని విషయాలు నిలదొక్కుకున్నాయి. గరిష్ఠ వేగం ఎంపికకు ప్రమాణం కాదు. బరువును ద్రవాలతోనూ రైడర్‌తోనూ కలిపి పోల్చాలి. మలుపులో వంగి ఉన్నప్పుడు కూడా పనిచేసే ఏబీఎస్, వెనుక చక్రం జారకుండా శక్తిని తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ పెద్ద బళ్లలో అలంకారాలు కావు, అవసరాలు. సస్పెన్షన్‌ను రైడర్ బరువుకు సరిచేయకుండా ఒక బండి నడకపై తీర్పు చెప్పడం ఆ బండికి అన్యాయం.

తేలనివాటిలో మొదటిది, ఎలక్ట్రానిక్ సహాయాలు రైడర్‌ను తీర్చిదిద్దుతాయా, లేక అవి లేని క్షణానికి అతన్ని సిద్ధపడనివ్వకుండా చేస్తాయా అన్నది. చిన్న బండితో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా ఎదగాలన్న సలహాను దాదాపు అందరూ సమర్థిస్తారు గాని, ఒక మెట్టుపై ఎంతకాలం నిలవాలో చెప్పే ప్రమాణం లేదు. ఐరోపాలోని ఏ1, ఏ2, ఏ లైసెన్సుల వంటి శక్తి ఆధారిత అంచెల పద్ధతి భారతదేశంలో లేకపోవడం వల్ల, గేర్ ఉన్న మోటారుసైకిల్ లైసెన్సు గల వ్యక్తి మరుసటి రోజే 200 హార్స్‌పవర్ బండిని కొనగలడు. ఇది విపణి పరిష్కరించగల సమస్య కాదు, ప్రభుత్వాలు పట్టించుకోవలసినది.

మరో లోటు సమీక్షకుల చేతుల్లోనే ఉంది. పూర్తి టార్క్ రేఖ, వెనుక చక్రం వద్ద శక్తి, ట్రాఫిక్‌లో పావుగంట తర్వాత కూలెంటు ఉష్ణోగ్రత, ఒక జత టైర్ల ధర, పెద్ద సర్వీసు ఖర్చు అనే ఐదు వివరాలను ప్రతి సమీక్షా ఒకే పద్ధతిలో ఇవ్వడం మొదలుపెడితే వాదాల మధ్య దూరం చాలావరకు తగ్గుతుంది. అది జరిగేవరకు కొనుగోలుదారు పాటించదగిన క్రమం ఒకటి ఉంది: ముందుగా తన దారులను, తన నైపుణ్యాన్ని, సర్వీసు కేంద్రం దూరాన్ని నిర్ణయించుకొని తరగతిని ఎంచుకోవాలి, ఆ తరగతిలో మధ్య చుట్ల స్పందనను, శరీరానికి కుదిరే కూర్పును పోల్చాలి, గరిష్ఠ శక్తి, ట్రాక్ సమయం వంటి అంకెలను చివరకు మిగిలిన రెండు బళ్ల మధ్య తేల్చుకోవడానికి మాత్రమే వాడాలి. ప్రచారపత్రాలు ఈ క్రమాన్ని తలకిందులుగా చూపుతాయి కాబట్టి, దాన్ని సరిచేసుకునే బాధ్యత కొనేవారిదే.